దీవుల ఆదివారం

పోయిన వేసవిలో ఆష్‌బర్న్‌లో మా వీధి చివరున్న లైబ్రరీలో, కరీబియన్ దీవుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల కోసం ఒక సభ పెట్టారు. నేను పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి వెళ్ళి, లోపల డ్రమ్ముల చప్పుడు వినిపిస్తే తలుపు దగ్గర ఆగాను. వేదిక మీదున్న అమ్మాయి మైకులో, ఈ దేశపు ఆసుపత్రుల్లో పనిచేసిన నర్సులెవరైనా ఉంటే దయచేసి లేవమని అడిగింది. ముందు వరసలో ఒక పెద్దావిడ వాకర్ పట్టుకుని లేవడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. ఆవిడ నిటారుగా నిలబడేదాకా సభంతా నిశ్శబ్దంగా ఆగింది. ఆ తర్వాతే చప్పట్లు. నేను ఇవ్వాల్సిన పుస్తకాలు ఇవ్వకుండానే ఇంటికి వచ్చేశాను. ఆ రోజంతా నాకు చిన్నప్పుడు బ్రూక్లిన్‌లో మేమున్న ఇల్లే కళ్ళ ముందు మెదిలింది.

అది ఎర్ర ఇటుకల ఇల్లు. పైన మేం, కింద ఇంటివాళ్ళు. ఇంటావిడది బార్బడోస్ దీవి. మా అమ్మా ఆవిడా ఒకే ఆసుపత్రిలో నర్సులు. ఆవిడ భర్త సిటీ బస్సు నడిపేవాడు. వాళ్ళమ్మాయి నా ఈడుదే, నా స్నేహితురాలు. బడిలో పెద్దవాళ్ళని మిస్టర్ అనో, మిసెస్ అనో పిలవాలి గాని, ఆ వీధిలో దీవుల పిల్లలందరూ ఆంటీ, అంకుల్ అనే అనేవాళ్ళు. అందుకని మేం కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది. ఆవిడ మాకు బార్బడోస్ ఆంటీ, ఆయన బస్సు అంకుల్. వాళ్ళతో ఉండే ఆంటీ తల్లిని వీధి వీధంతా గ్రానీ అనేది.

మెట్లెక్కుతుంటే సగం దాకా వాళ్ళ వాసనలు, ఆ పైన మా వాసనలు. కింద కొబ్బరిపాలలో ఉడికే అన్నం, ఉప్పుచేప వేపుడు, నేలకి పూసే పాలిష్. పైన తాలింపు, ఎండుమిరపకాయల ఘాటు, మా తమ్ముడి పౌడరు. చలికాలం కిటికీలు మూసేస్తే రెండూ కలిసిపోయేవి. బడిలో నా కోటు వాసన చూసి పిల్లలు మొహాలు చిట్లిస్తే, నా స్నేహితురాలు తన కోటు కూడా తెచ్చి నా కోటు పక్కనే తగిలించేది.

మేం క్రైస్తవులం. మా తాతయ్య గోదావరి జిల్లాలో ఊరూరూ తిరిగి వాక్యం చెప్పిన పాస్టరు. అమెరికా వచ్చిన కొత్తలో నాన్న మమ్మల్ని తన ఆఫీసువాళ్ళెవరో చెప్పిన ఒక పెద్ద చర్చికి తీసుకెళ్ళేవాడు. అందరూ మర్యాదగానే పలకరించేవాళ్ళు గాని, మేం కూర్చున్న బల్ల మీద మాత్రం ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఒకరోజు నైట్ డ్యూటీ నుంచి వస్తూ అమ్మ ఈ సంగతి ఆంటీతో అందట. వచ్చే ఆదివారం మా చర్చికి రండి, అక్కడ బల్లలు చాలక నిలబడే వాళ్ళున్నారు అందట ఆవిడ. అప్పటినుంచి మాది దీవుల వాళ్ళ సంఘమే. నాన్న కూడా వచ్చేవాడు. చివరి వరసలో, తలుపు పక్కన కూర్చునేవాడు.

తమ్ముడు పుట్టాక వాణ్ణి చూసుకోవడానికి నాయనమ్మ వచ్చింది. చీర మీద నాన్న స్వెట్టరు, సాక్సుల మీద చెప్పులు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. మొదటి వారాలు కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తూ ఉండిపోయేది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి లేచి, ఎవరింట్లోనో ఉప్పుచేప వేయిస్తున్నారు అంటూ నా చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

కింద వంటింట్లో గ్రానీ స్టవ్ దగ్గర లేదు. గదిని వెచ్చబెట్టే రేడియేటరు పక్కన కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేట లాంటి పళ్ళెం పెట్టుకుని ఆకుపచ్చ కాయలేవో ఒలుస్తోంది. నాయనమ్మ వంగి చూసింది. ఒక కాయ తీసుకుని గోటితో చీల్చింది.

"ఇయ్యి కందికాయలేగా," అంది నాతో, ఎవరో చుట్టం కనబడినట్టు.

గ్రానీ కాలితో ఇంకో కుర్చీ దగ్గరికి లాగింది. ఇద్దరూ కూర్చుని పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఒలిచారు. ఆ రోజు నుంచి నాయనమ్మ ఆవిణ్ణి అక్కగారు అనేది. గ్రానీ ఈవిడని ఏమనేదో ఇప్పుడు గుర్తు లేదు గాని, చాలా పొడుగ్గా, పాట పాడినట్టు ఏదో పిలిచేది. ఈవిడ తెలుగులో మోకాళ్ళ నొప్పుల గురించి చెబితే ఆవిడ ఆ దీవి ఇంగ్లీషులో తన నొప్పుల గురించి చెప్పేది. నేను పక్కనుండి తర్జుమా చెయ్యబోతే ఇద్దరూ చేత్తో ఆగమనేవాళ్ళు.

ఆ ఇంట్లో మెట్ల కింద చీకటి గదిలో ఒక పెద్ద గాజు జాడీ ఉండేది. క్రిస్మస్ కేకు కోసం ఎండుద్రాక్ష, చెర్రీలు, ఇంకేవో పళ్ళు రమ్‌లో ఊరవేసి నెలల తరబడి ఉంచేవాళ్ళు. ఒక వేసవి మధ్యాహ్నం నేనూ నా స్నేహితురాలూ స్పూన్లు పట్టుకుని ఆ గదిలో దూరాం. మొదట గొంతు మండింది, తర్వాత తియ్యగా ఉంది, ఆ తర్వాత అక్కడే గోనెసంచుల మీద నిద్రపోయాం. నాయనమ్మ మమ్మల్ని వెతికి పట్టుకుని, నోరు వాసన చూసి, పిల్లలకి ఇంత ఘాటు మందు ఎవరు పట్టించారు అని కంగారు పడింది. పాస్టరుగారి భార్యకి రమ్ వాసన తెలియదు. గ్రానీకి తెలుసు. ఆవిడ మా ఇద్దరినీ గోడవైపు తిప్పి నిలబెట్టి, నాయనమ్మ వెళ్ళేదాకా నోరు మెదపలేదు. వెళ్ళాక మాత్రం చెవులు మెలిపెట్టింది. నాయనమ్మకి ఆ సంగతి చివరిదాకా తెలియలేదు.

నాన్న సంగతి వేరు. ఇంటివాళ్ళతో ఎప్పుడూ గౌరవంగానే మాట్లాడేవాడు. ఆంటీ సరుకుల సంచులు వాళ్ళ గుమ్మందాకా మోసిపెట్టేవాడు. కాని కింద వాళ్ళ బల్ల దగ్గర ఎప్పుడూ కూర్చోలేదు. ఎప్పుడు పిలిచినా ఇప్పుడే తిన్నానండీ అనేవాడు. ఆదివారం మధ్యాహ్నాలు మేం క్వీన్స్‌లో ఉన్న తెలుగు వాళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళం. అక్కడ కాఫీలయ్యాక ఎవరో ఒకరు, ఆ ఏరియాలో ఎలా ఉంటున్నారండీ, పిల్లలతో సేఫేనా అని అడిగేవాళ్ళు. నాన్న తల వంచుకుని, త్వరలో న్యూజెర్సీకి మూవ్ అవుతామండీ అనేవాడు. మీదే ఊరని ఎవరైనా అడిగితే రాజమండ్రి అనేవాడు. తిరుగుదారిలో సబ్‌వేలో నాయనమ్మ నాన్నకి దూరంగా వేరే సీట్లో కూర్చునేది.

ఆ సంఘంలో ఏడాదికి పెద్ద పండగ కోతల పండగ. ఆకులు రాలే రోజుల్లో ఒక ఆదివారం. దాన్నే వాళ్ళు దీవుల ఆదివారం అనేవాళ్ళు. ఒక్కో దీవి వాళ్ళు తమ జెండాతో, తమ నేలలో పండే వాటితో తలుపు నుంచి ఊరేగింపుగా నడిచొచ్చి బలిపీఠం ముందు పెట్టేవాళ్ళు. చెరుకు గడలు, కొబ్బరికాయలు, పెండలం, అరటి గెలలు. అన్నిటికంటే ముందు సంఘంలో అందరికంటే పెద్దామె నడవాలి, ఆమే మొదటి పాట ఎత్తుకోవాలి. ఎన్నో ఏళ్ళుగా అది గ్రానీ. మొదటిసారి ఆ పండగ చూసినప్పుడు నాయనమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. మా ఊళ్ళోనూ గుడి నిండా ఇలాగే తెచ్చి పెడతారే, వరికంకులు తోరణాలు కడతారు, సాయంత్రం వేలం పాడతారు అంది. ఇక్కడా సాయంత్రం వేలం వేస్తారని నేను చెబితే నమ్మలేదు. వేలంలో ఒక గుమ్మడికాయ కోసం ఇద్దరు పెద్దమనుషులు పట్టుదలకి పోవడం చూశాక నమ్మింది.

ఆ తర్వాతి ఏడాది పండగని ఆంటీ ఇంకా పెద్దగా తలపెట్టింది. ఆసుపత్రి పెద్దల్ని, బడి టీచర్లని, వార్డు నాయకుడిని భోజనాలకి పిలిచింది. ఎందుకింత శ్రమ అని అమ్మ అడిగితే, ఈ ఊరికి మన చేతులు తెలుసు, మొహాలు తెలియవు, ఒక్కరోజైనా చూడనీ అందట. నెల రోజులు ఆ ఇల్లు ఇల్లులా లేదు. హాల్లో జెండాలు కుట్టేవాళ్ళు, వంటింట్లో అల్లం బీరనే పానకం కాచేవాళ్ళు, మేడమెట్ల మీద పాట ప్రాక్టీసు చేసే పిల్లలు.

పండగ ఇంకా రెండు వారాలుందనగా గ్రానీ చనిపోయింది. మధ్యాహ్నం కునుకు తీస్తానని పడుకుని లేవలేదు. అమ్మ డ్యూటీలో ఉంది, ఆంటీ కూడా డ్యూటీలో ఉంది. మొదట చూసింది నాయనమ్మే. ఆవిడ ఎవర్నీ పిలవలేదు. గ్రానీ కళ్ళు మూసి, దుప్పటి సర్ది, మంచం పక్కన నేల మీద కూర్చుని, నేను బడి నుంచి వచ్చేదాకా అలాగే ఉంది.

వాళ్ళ పద్ధతి ప్రకారం ప్రతి సాయంత్రం ఆ ఇంటికి మనుషులు వచ్చేవాళ్ళు. చేపలు వేయించేవాళ్ళు, కాఫీ కాచేవాళ్ళు, మగవాళ్ళు డామినోలు ఆడేవాళ్ళు, అందరూ కలిసి కీర్తనలు పాడేవాళ్ళు. చావింట్లో ఆటలేమిటని నాకు అర్థమయ్యేది కాదు. ఇంట్లోవాళ్ళని ఒంటరిగా వదలకూడదు, అంతే అంది నా స్నేహితురాలు. నాన్న ఒకసారి కిందికి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, సారీ ఫర్ యువర్ లాస్ అని చెప్పి పైకి వచ్చేశాడు.

ఆంటీ ఏడవలేదు. వచ్చినవాళ్ళకి కాఫీలిస్తూ, శవపేటిక గురించి ఫోన్లు చేస్తూ తిరుగుతూనే ఉంది. జుట్టుకి మాత్రం గుడ్డ చుట్టుకునే ఉంది. ప్రతి శనివారం సాయంత్రం గ్రానీ కుర్చీలో కూర్చుంటే, యాభై ఏళ్ళ ఆంటీ కింద ఆవిడ మోకాళ్ళ మధ్య కూర్చునేది. గ్రానీ పాయలు తీసి, మాడుకి నూనె రాసి, జడలు వేసి పెట్టేది. ఆసుపత్రిలో డాక్టర్లు కూడా భయపడే మనిషి ఆ గంటసేపూ చిన్నపిల్లలా కళ్ళు మూసుకునేది.

ఆ శనివారం నాయనమ్మ కొబ్బరినూనె సీసా, తన దువ్వెన పట్టుకుని కిందికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. హాలు నిండా మనుషులున్నారు. నాయనమ్మ నేరుగా వెళ్ళి గ్రానీ కుర్చీలో కూర్చుంది. పాడేవాళ్ళు ఆగిపోయారు. ఆ కుర్చీలో అప్పటిదాకా ఎవరూ కూర్చోలేదు. నాయనమ్మ ఆంటీ వైపు చూసి, నేల మీద చేత్తో తట్టింది.

"రా అమ్మా," అంది తెలుగులోనే.

ఆంటీ చేతిలో కాఫీ ట్రే ఉంది. దాన్ని ఎవరికో ఇచ్చి, వచ్చి కూర్చుంది. తలగుడ్డ విప్పింది. నాయనమ్మకి అలాంటి జుట్టు దువ్వడం రాదు. దువ్వెన ఇరుక్కుపోయింది. దాన్ని పక్కన పెట్టి వేళ్ళతోనే పాయలు విడదీసి, నూనె పోసి మాడు మర్దనా చేసింది. ఆంటీ భుజాలు కదలడం మొదలైంది. ఎవరూ దగ్గరికి రాలేదు. చాలాసేపటికి పక్కగదిలోంచి ఎవరో సన్నగా పాట అందుకున్నారు.

నాయనమ్మ పైకి వచ్చేసరికి నాన్న పేపరు చదువుతున్నాడు. ఆవిడ చేతుల నూనె కడుక్కోలేదు. నాన్న ఎదురుగా నిలబడింది.

"మీ నాన్నకి గిన్నెతో నీళ్ళిచ్చేవోళ్ళు కాదురా అబ్బాయ్. ఎత్తు నుంచి దోసిట్లో పోసేవోళ్ళు. నువ్వు పక్కనే ఉండేవోడివి. అది మర్చిపోయావనే అనుకుంటున్నా. గుర్తుండి కూడా ఇలా ఉంటున్నావంటే మాత్రం నాకు సిగ్గుగా ఉంది."

నాన్న పేపరు మడిచాడు. లేచి, చెప్పులు వేసుకుని కిందికి వెళ్ళాడు. నేను మెట్ల మీద నుంచి చూశాను. బస్సు అంకుల్ డామినోల బల్ల దగ్గర కుర్చీ చూపించాడు. ఎవరో పళ్ళెంలో చేప, రొట్టె పెట్టి నాన్న ముందుంచారు. నాన్న తిన్నాడు.

గ్రానీని సమాధి చేశాక పండగ మానేద్దామన్నారు కొందరు. మా అమ్మ చేసే పండగ ఆమె పోయిందని ఆపను అంది ఆంటీ. అయితే ముందు నడిచేదెవరు? వయసు లెక్కన గ్రానీ తర్వాత పెద్దది మా నాయనమ్మే. ఆ మాట మీద ఆంటీ ఇంటి హాల్లో పెద్దలు వాదించుకున్నారు. నేనూ నా స్నేహితురాలూ సోఫా వెనక జెండాలు మడతపెడుతూ విన్నాం. గ్రెనడా అంకుల్ ఒప్పుకోలేదు. ఆయన గ్రెనడా దీవి నుంచి వచ్చిన దర్జీ, సంఘంలో పెద్ద. ప్రతి ఏటా తలుపు దగ్గర నిలబడి దీవుల పేర్లు పిలిచేది ఆయనే.

"ఆవిడంటే నాకు గౌరవమే," అన్నాడు నెమ్మదిగా. "కాని ఏడాదికి ఒక్క రోజు మనది. మిగతా రోజులన్నీ ఈ ఊరిలో మనం ఎవరి వెనకో నడుస్తూనే ఉన్నాం. ఆ ఒక్క రోజూ ముందు దీవి మనిషే నడవాలని నేనంటే తప్పా?"

తప్పని ఎవరూ అనలేదు. ఆంటీ కూడా అనలేదు. పెద్దది ముందు నడవాలన్నదే మా అమ్మ పెట్టిన నియమం, దాన్ని నేను మార్చను అంది, అంతే.

ఆ ఆదివారం వాన పడింది. బల్లలన్నీ నిండి, గోడల వెంట నిలబడ్డారు. ఆసుపత్రి పెద్దలు మూడో వరసలో కూర్చున్నారు. మేమంతా గుమ్మం బయట, గొడుగుల కింద. నాయనమ్మ తెల్ల చీర కట్టుకుంది. ఒక చేతిలో చెరుకు గడ, ఇంకో చేతిలో కొబ్బరికాయ. గ్రెనడా అంకుల్ తలుపు దగ్గర నల్లకోటుతో నిలబడి ఉన్నాడు. ఆయన వంగి నన్ను అడిగాడు, ఏ పేరు పిలవమంటావని. ఇండియా అన్నాను. ఆయన మొహంలో ఇబ్బంది కనిపించింది. అక్కడ వరసలో ఉన్న పేర్లన్నీ దీవులవే.

ఆయనేమంటున్నాడని నాయనమ్మ అడిగింది. మీదే దీవి అంటున్నారు అన్నాను. దీవంటే ఏంటే అంది. చుట్టూ నీళ్ళుంటాయి నాయనమ్మా అన్నాను.

"మరి మాది లంకేగా," అంది ఆశ్చర్యంగా. "చెప్పు ఆయనకి."

నేను లంక అన్నాను. శ్రీలంకా అన్నాడాయన. కాదన్నాను. అంతకంటే నాకూ తెలియదు. వెనక వరస గొడుగుల్లో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు చివరి బల్ల మీంచి నాన్న లేచి వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కాని గుడంతా నిశ్శబ్దంగా ఉండడంతో అందరికీ వినబడింది.

"మా అమ్మది దీవే సార్. గోదావరి అని పెద్ద నది, దాని మధ్యలో ఉంటుంది. కొబ్బరి, అరటి, చెరుకు పండిస్తారు. నేను పుట్టింది కూడా అక్కడే. పడవెక్కి బడికి వెళ్ళేవాణ్ణి. వరదొస్తే ఇల్లు పోయేది, మళ్ళీ కట్టుకునేవాళ్ళం. ఇన్నాళ్ళూ ఎవరడిగినా పక్క టౌను పేరు చెప్పేవాణ్ణి."

తుపానుకి ఇల్లు పోవడం గ్రెనడా అంకుల్‌కి తెలుసు. నది పేరు ఇంకోసారి చెప్పమని అడిగాడు. రెండుసార్లు లోపల్లోపల పలికి చూసుకున్నాడు. తర్వాత లోపలికి తిరిగి, బార్బడోస్ అన్నంత గొంతుతో, గోదావరి అని పిలిచాడు. ఆయన నోట అది గోడావేరీ అయింది. ఎవరూ నవ్వలేదు.

నాయనమ్మ నడిచింది. చెప్పులు గుమ్మంలోనే విడిచింది. సగం దూరంలో గ్రానీ ఎత్తుకునే కీర్తన తెలుగులో ఎత్తుకుంది. వరస ఒకటే కాబట్టి మిగతావాళ్ళు ఇంగ్లీషులో కలిశారు. ముందు వరసలో ఆంటీ కొత్త జడలతో నిలబడి ఉంది.

భోజనాల దగ్గర ఆంటీ పెద్ద ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. బల్లల దగ్గర కూర్చున్న అతిథుల్ని చూసి, ఇక్కడున్న నర్సులు లేవండి అంది. బస్సులు, రైళ్ళు నడిపేవాళ్ళు లేవండి అంది. ముసలివాళ్ళకి స్నానాలు చేయించేవాళ్ళు, బడి వంటశాలల్లో పనిచేసేవాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు లేవండి అంది. చివరికి కూర్చున్నవాళ్ళు అతిథులూ పిల్లలూ మాత్రమే. నర్సుల మధ్యలో మా అమ్మ నిలబడి ఉంది. అమ్మ అంత పొడుగుంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

మరుసటి ఏడాది నాన్నకి న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చింది, మేం వెళ్ళిపోయాం. వెళ్ళేముందు నాన్న కింద బల్ల దగ్గర చాలాసార్లు కూర్చున్నాడు గాని, ఉద్యోగం ఉద్యోగమే. కొత్త ఇంటికి చుట్టూ గడ్డి, పక్కిల్లు కేకేసినా వినబడనంత దూరం. నాయనమ్మకి మాట్లాడే మనిషి లేకుండా పోయింది. రెండో చలికాలంలో జ్వరం వచ్చి, నాలుగు రోజుల్లో పోయింది.

సమాధికి క్వీన్స్ నుంచి తెలుగువాళ్ళు వచ్చారు. బ్రూక్లిన్ నుంచి సంఘం వ్యాను వచ్చింది. ఆడవాళ్ళంతా తెల్లబట్టల మీద కోట్లు వేసుకుని దిగారు. మంచు గడ్డకట్టి నేల రాయిలా ఉంది. ప్రార్థన అయ్యాక అందరం గుప్పెడు మట్టి వేశాం. శ్మశానం మనిషి వచ్చి, ఇక మీరు వెళ్ళండి, మీరు వెళ్ళాక మేం మెషీన్‌తో పూడుస్తాం అన్నాడు. తెలుగువాళ్ళు కార్ల దగ్గరికి నడిచారు. ఆంటీ కదల్లేదు.

"పూడ్చేదాకా మేం ఉంటాం," అంది. "ఆవిణ్ణి సగంలో వదిలి వెళ్ళం."

అతను రూల్స్ గురించి ఏదో చెప్పబోయాడు. బస్సు అంకుల్, గ్రెనడా అంకుల్ అప్పటికే పారలు అడిగి తీసుకున్నారు. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. నాన్న కోటు విప్పి నా చేతికిచ్చాడు, ఇంకో పార తీసుకున్నాడు. ముగ్గురూ వంతులవారీగా మట్టి తోశారు. ఒక పాట అయితే ఇంకో పాట. కార్ల దగ్గరికి వెళ్ళిన తెలుగువాళ్ళు అక్కడే నిలబడి చూశారు. తర్వాత ఒక్కొక్కరే వెనక్కి నడిచి వచ్చారు. నేల సమంగా అయ్యేదాకా ఎవరూ వెళ్ళలేదు.

ఆ పెద్దవాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఎర్ర ఇటుకల ఇల్లు చేతులు మారింది. నా స్నేహితురాలు అట్లాంటాలో నర్సుగా చేసి ఈ మధ్యే రిటైరైంది. అప్పుడప్పుడూ ఫోన్ చేసుకుంటాం. నాన్న పోయినప్పుడు ఆమె విమానంలో వచ్చింది. ప్రార్థన అయ్యాక శ్మశానంవాళ్ళు మమ్మల్ని కార్ల దగ్గరికి వెళ్ళమన్నారు. ఆమె నా వైపు చూసింది. నేనూ తమ్ముడూ వెళ్ళి పారలు అడిగాం.